బండి ముచ్చట: బోరు పనికి దించకముందు పొగను చూడుండ్రి

పాత బండ్ల రిపేర్ల మీద పాఠకులు అడిగిన ప్రశ్నలకు వరంగల్ ములుగు రోడ్డు మెకానిక్ జవాబులు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నర్సంపేట దగ్గర పల్లె. నా దగ్గర 2009 మోడల్ డీజిల్ పికప్ బండి ఉన్నది, సెకండ్ హ్యాండ్‌ల కొన్న. టర్బో (గాలిని నొక్కి ఇంజన్‌లకు నింపే ఫ్యాను) ఉన్న ఇంజనే కాని కామన్ రైల్ (కంప్యూటరుతోటి, ఎక్కువ ఒత్తిడి మీద డీజిల్ చల్లేది) కాదు, పాత పంపు. సీజన్‌ల మిర్చి బస్తాలు ఏనుమాముల మార్కెట్‌కు తోలుత. మిగతా రోజులు ఇటుక, సిమెంటు, ఏ కిరాయి దొరికితే అది. ఆర్నెల్ల సంది పొగ పట్టుకున్నది. పొద్దుగాల సెల్ఫ్ కొట్టంగనె నీలం పొగ వాడంత కమ్ముకుంటది. పది నిమిషాలకు తగ్గుతది. లోడు మీద ఎత్తు ఎక్కితె మల్ల నల్లగ కొడుతది, బండి గుంజది. వారం పది రోజులకు అర లీటరు ఆయిల్ పోస్తున్న. ఇక్కడి మేస్త్రి పిస్టన్ చుట్టు ఉండే రింగులు పోయినయి, బోరు పని (ఇంజన్ విప్పి స్లీవులు, పిస్టన్లు, రింగులు కొత్తయి వేసుడు) చెయ్యాలె, డెబ్బై వేలు అయితది అన్నడు. ఇంకో ఆయన కొత్త టర్బో వెయ్యమన్నడు. మిర్చి సీజన్ నెత్తి మీదికి వచ్చింది. ఏం చెయ్యమంటవ్?
— ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంల నేను రెండుసార్లు చదివిన మాట ఒక్కటే, 'పది నిమిషాలకు తగ్గుతది' అన్నది. రింగులు అరిగిన ఇంజన్ మామూలుగ అట్ల చెయ్యది. వేడెక్కినకొద్ది ఆయిల్ పలుచబడుతది, రింగుల సందుల నుంచి ఇంక ఎక్కువ పైకి ఎక్కుతది, పొగ పెరుగుతది. నీ బండిల అది తగ్గుతున్నది. అందుకే నీకు జవాబు రాయకుండ కబురు పెట్టిన: ఏనుమాములకు లోడు తెచ్చిన రోజు బండి నా షెడ్డుల విడిచిపెట్టు, రాత్రంత చల్లారనియ్యి, తెల్లారి ఇద్దరం కలిసి చూద్దాం అని. నువ్వు వచ్చినవ్. అప్పుడు చూసింది, చేసింది ఇక్కడ రాస్తున్న. ఎందుకంటె ఈ నెల వచ్చిన ఉత్తరాలల్ల ఎక్కువ పొగ ముచ్చట్లే. అందరూ భయపడేది ఆ 'బోరు పని' అనే రెండు మాటలకే.

బండి వేడిగ ఉండంగ తెచ్చి 'పొగ చూడు' అంటరు చాలమంది. చల్లటి ఇంజన్ చెప్పే ముచ్చట వేడి ఇంజన్ చెప్పది. ఆ పొద్దు ఆరు గంటలకు తమ్ముడు సెల్ఫ్ కొట్టిండు, నేను సైలెన్సర్ వెనుక ఉతికిన తెల్ల గుడ్డ పట్టుకొని కూసున్న. నీలం పొగ వచ్చింది, ఉత్తరంల రాసినట్టె. మూకుడుల నూనె మాడిన వాసన. గుడ్డ మీద పడ్డ చుక్కలు గోధుమ రంగుల, వేలితోటి రాస్తె జిడ్డు. అంటె కాలుతున్నది ఇంజన్ ఆయిలే, అనుమానం లేదు. గుడ్డ మీద మసి పొడిపొడిగ రాలితె అది కాలని డీజిల్ మసి, గాలి తక్కువై నల్ల పొగ కొట్టే బండి. గుడ్డ తడిసి డీజిల్ వాసన కొట్టి కండ్లు మండితె అది మండని డీజిల్, తెల్ల పొగ. తీపి వాసనతోటి తెల్లగ, ఆవిరి లెక్క వస్తె కూలెంట్ (రేడియేటర్ నీళ్లల్ల కలిపే మందు) లోపలికి పోతున్నట్టు.

డీజిల్ ఇంజన్‌ల మంట పెట్టే స్పార్క్ ప్లగ్గు ఉండది. పిస్టన్ గాలిని పద్దెనిమిది వంతుల నుంచి ఒక వంతు దాక నొక్కుతది, ఆ నొక్కుడుకే గాలి ఐదు వందల డిగ్రీలు దాటుతది, అప్పుడు నాజిల్ డీజిల్ చల్లితె అదే అంటుకుంటది. గాలి తక్కువైతె నలుపు. వేడి తక్కువైతె తెలుపు. రావద్దన్న చోట ఆయిల్ వస్తె నీలం. మిగతాదంత ఇందులనుంచి పుట్టేదే. నీ బండిల రెండు రంగులు ఉన్నయి, పొద్దుగాల నీలం, ఎత్తు మీద నలుపు. మేస్త్రీలు ఇద్దరు చెరొక రంగును పట్టుకున్నరు.

మొదలు రింగుల అనుమానం తీర్చుకోవాలె. ఇంజన్ ఐడిల్‌ల ఉండంగ టాపెట్ కవర్ మీద ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి, ఆ రంధ్రం మీదనె పెట్టిన. మూత సన్నగ వణికింది, అంతే. బ్యాక్ కంప్రెషన్ ఉన్న, అంటె రింగుల సందుల నుంచి గాలి కిందికి కొట్టే ఇంజన్‌ల ఆ మూత గంతులేసి కింద పడుతది, రంధ్రంల నుంచి పొగ బుస్సుమని కొడుతది, చెయ్యి పెడితె వేడిగ తోస్తది. ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు తీసి చూసిన, ఒకటి రెండు చుక్కల తడి. ఇది పెద్ద లెక్క కాదు. కాని మూత చూసి తీర్పు చెప్పేటంత ధైర్యం నాకు లేదు, అందుకే సిలిండర్ల నొక్కుడు ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజీ పెట్టిన. నాలుగు సిలిండర్లు: చదరపు అంగుళానికి 390, 400, 385, 395 పౌండ్లు. ఆరోగ్యంగ ఉన్న డీజిల్ ఇంజన్‌ల మామూలుగ 350 నుంచి 450 మధ్యన వస్తది, బండిని బట్టి మారుతది. అంకె ఎంత అనేదానికంటె నాలుగూ దగ్గర దగ్గర ఉన్నయా అనేది ముఖ్యం. ఒకటి మిగతా మూటికంటె బాగ కిందికి పోతె అక్కడ రింగో, వాల్వో, గ్యాస్కెటో పోయినట్టు. నీ నాలుగు అంకెలకు పదిహేను పౌండ్ల తేడా. ఈ ఇంజన్‌కు బోరు పని అక్కర లేదు. మళ్ళ చెప్తున్న, అక్కర లేదు.

కంప్రెషన్ గేజీ పెట్టకుండ 'రింగులు పోయినయి' అనేటాయన దగ్గర బండి విప్పనియ్యకుండ్రి. గేజీ పెట్టుమని అడుగుడు తప్పు కాదు. గంట పని అది. అడిగితె చిన్నబుచ్చుకునేటోడు ఉంటె ఇంకో షెడ్డు చూసుకోండ్రి.

ఈ మాట నేను ఇంత గట్టిగ ఎందుకు అంటున్ననో చెప్పాలె. ఇరవై ఏండ్ల కింద, సొంత షెడ్డు పెట్టిన కొత్తల, పరకాల దిక్కు నుంచి ఒక రైతు జీపు తెచ్చిండు. నీలం పొగ. గేజీ పెట్టలే, మూత చూడలే, బోరు అని చెప్పిన. స్లీవులు, పిస్టన్లు, రింగులు అన్ని కొత్తయి వేసిన. స్టార్ట్ చేస్తె అదే పొగ. రెండు రోజులు బుర్ర పట్టుకున్న తర్వాత చూస్తె బ్రీదర్ పైపు మట్టితోటి పూర్తిగ మూసుకపోయి ఉన్నది. లోపలి గాలి పోయే దారి లేక ఆయిల్‌ను పైకి తోస్తున్నది. పైపు కడిగితె పొగ పోయింది. ఆ పనికి కట్టిన పైసల కోసం ఆయన ఎడ్ల జత అమ్మిండని తర్వాత తెలిసింది. నా కూలి నేను తిరిగి ఇచ్చేసిన, సామాన్ల పైసలు మాత్రం వాపసు రాలే. ఆ ఎడ్లు సుత మల్ల రాలే. ఆ రోజు నుంచి బ్రీదర్ చూడకుండ ఇంజన్ మీద పానా పెట్టలేదు నేను.

ఇగ నీ బండికి వస్త. రింగులు కాకపోతె ఆయిల్ వచ్చే దార్లు రెండే మిగిలినయి: వాల్వు సీళ్లు (వాల్వుల పక్కనుంచి ఆయిల్ కారకుండ ఆపే రబ్బర్లు), టర్బో. పెట్రోల్ బండిల అయితె నేను ముందు వాల్వు సీళ్లనే అనుమానిస్త, ఎందుకంటె పెట్రోల్ ఇంజన్ కాలు తీసినప్పుడల్ల గాలి పైపుల గుంజుడు పుట్టి సీళ్ల మీదుగ ఆయిల్‌ను లోపలికి లాగుతది. డీజిల్‌ల ఆ గుంజుడు ఉండది. సీళ్లు పోవని కాదు, కాని ఇంత పొగ వాటితోటి తక్కువ వస్తది. అందుకని టర్బో నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు పైపు విప్పిన.

లోపల వేలు పెడితె ఆయిల్ కారింది. సన్నటి తడి కాదు, పైపు అడుగున చిన్న మడుగు. రాత్రంత అక్కడ జమ అయిన ఆయిల్ పొద్దుగాల మొదటి నిమిషాలల్ల ఇంజన్‌లకు పోయి కాలుతున్నది, అది అయిపోంగనె పొగ తగ్గుతున్నది. పది నిమిషాల లెక్క అక్కడ తేలింది. అదే పైపును రెండు బొటనవేళ్లతోటి వంచి చూసిన. ఆయిల్ నాని నాని రబ్బరు మెత్తబడి క్లాంపు పక్కన రెండు అంగుళాల మేర పగిలి ఉన్నది. ఊరికె చూస్తె గీత లెక్క కనబడుతది. వంచితె నోరు తెరిచింది. ఐడిల్‌ల అది మూసుకునే ఉంటది. లోడు మీద ఎత్తు ఎక్కంగ టర్బో గాలి నింపినప్పుడు తెరుచుకుంటది, గాలి బయటికి పోతది, పంపు మాత్రం డీజిల్ పోస్తనె ఉంటది. గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ, నల్ల పొగ. బండి గుంజకపోవుడు సుత దానివల్లనె. నర్సంపేట దారిల పెద్ద ఎత్తులు లేవు గనుక ఇన్ని రోజులు నెట్టుకొచ్చినవ్. అదే మేడారం దిక్కు లోడు వేసుకొని గట్టమ్మ గుట్ట ఎక్కి ఉంటె ఎప్పుడో తెలిసేది.

రెండు రంగులు, ఒక్కటే మూలం. టర్బో నుంచి ఆయిల్ వస్తున్నది, ఆ ఆయిలే పైపును తిన్నది.

ఇక్కడ రెండో మేస్త్రి మాట నిజమే అనిపిస్తది, కొత్త టర్బో వేస్తె సరిపోదా అని. నేను షాఫ్టు పట్టుకొని ఆడించి చూసిన. అటు ఇటు పక్కలకు కొద్దిగ కదిలింది. అది ఉండాలె, ఆ సందుల ఆయిల్ పొర నిలవాలె. ముందుకు వెనక్కి గుంజితె కదల్లే. అట్ల కదిలితె బేరింగ్ పోయినట్టు. ఫ్యాను రెక్కలు చుట్టున్న గోడకు రాసుకున్న గుర్తులు లేవు. టర్బో బతికే ఉన్నది. మరి ఆయిల్ ఎందుకు బయటికి వస్తున్నది?

టర్బోకు ఇంజన్ నుంచి ఆయిల్ సన్న పైపుల ఒత్తిడి మీద వస్తది. తిరిగి చాంబర్లకు, అంటె ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలకు, పోయేటప్పుడు ఒత్తిడి ఉండది. లావు పైపుల కిందికి జారి పోవాలె, వాన నీళ్లు మోరిలకు పోయినట్టు. ఆ దారి ఎక్కడ మూసుకున్నా ఆయిల్ టర్బోలనె నిండుకొని సీళ్ల పక్కనుంచి గాలి పైపులకు ఎక్కుతది. రిటర్న్ పైపు విప్పినం. టర్బో కింద దాన్ని బిగించే ఫ్లాంజి దగ్గర ఎర్ర పేస్టు. ఇంతకుముందు ఎవరో టర్బో దించి ఎక్కించినప్పుడు గ్యాస్కెట్ బదులు పేస్టు పూసి బిగించిన్రు. బిగిస్తుంటె లోపలికి ఉబికిన పేస్టు ఎండి, నమిలి అంటించిన బబుల్‌గమ్ లెక్క, సగం రంధ్రాన్ని మూసింది. గోరుతోటి గీకితె ముక్కగ ఊడి వచ్చింది. దాన్ని తమ్ముని చేతుల పెట్టిన. డెబ్బై వేల బోరు పని, కొత్త టర్బో, రెంటినీ చెప్పించిన ముక్క అది. గోరంత.

పని ఏం చేసినమంటె: రిటర్న్ పైపు డీజిల్‌ల కడిగి, కాగితం గ్యాస్కెట్ వేసి, పేస్టు లేకుండ బిగించినం. ఆయిల్ వచ్చే సన్న పైపు విప్పి కాలిన మసి లేకుండ శుభ్రం చేసినం. అది మూసుకపోతె టర్బో ఆకలితోటి చచ్చిపోతది గనుక. పగిలిన రబ్బరు పైపు కొత్తది, క్లాంపులు కొత్తయి. బ్రీదర్ కడిగినం. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మార్చినం. ఆయిల్ కొలిచే గేజీ పుల్ల మీది గీత కంటె ఎక్కువ పోసి ఉన్నది, ముప్పావు లీటరు తీసేసినట్టె అయ్యింది. 'ఆయిల్ తాగుతది గదా' అని ఎక్కువ పోస్తుంటరు చాలమంది. ఎక్కువైన ఆయిల్‌ను క్రాంకు (ఇంజన్ అడుగున తిరిగే ఇరుసు) కొట్టి నురుగు చేసి బ్రీదర్ నుంచి పైకి పంపుతది, ఆ పొగ సుత లెక్కల కలుస్తది. అన్ని కలిపి నాలుగు వేల లోపల అయిపోయింది.

స్టార్ట్ చేసే ముందు ఒక ముఖ్యమైన పని ఉన్నది. టర్బో పైపులు విప్పిన తర్వాత లోపల ఆయిల్ ఉండది, వెంటనె రేస్ ఇస్తె పొడి బేరింగ్ కాలుతది. ఆయిల్ వచ్చే పైపుల కొద్దిగ ఆయిల్ పోసి, డీజిల్ బందు చేసి పది సెకన్లు సెల్ఫ్ తిప్పి, తర్వాత స్టార్ట్ చేసి రెండు నిమిషాలు కాలు పెట్టకుండ ఉండాలె. పని అయిన రోజే పొగ పోలేదని తమ్ముడు బుగులు పడ్డడు. సైలెన్సర్‌ల ఆరు నెలల ఆయిల్ అంటుకొని ఉన్నది, అది కాలి పోవుటానికి రెండు మూడు రోజులు పడుతది. మూడు వారాలకు ఫోన్ చేసిండు. ముప్పై బస్తాలు వేసుకొని వచ్చిన, పొగ లేదు, ఆయిల్ గేజీ గీత నుంచి కదల్లేదు అన్నడు.

ఇది చదివి ఎవరూ 'నా బండికి సుత పేస్టే అడ్డం పడ్డదేమో' అని అనుకోవద్దు. మూత గంతులేసి, గేజీల ఒకటో రెండో సిలిండర్లు 300 కంటె కిందికి పడి, వేడెక్కినకొద్ది పొగ పెరిగితె బోరు పని నిజంగనె అవసరం. అప్పుడు వాయిదా వెయ్యకుండ్రి. ఇంకో ప్రమాదం ఉన్నది. టర్బో నుంచి ఆయిల్ మరీ ఎక్కువ వస్తె డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే డీజిల్ అనుకొని నడుస్తది. కాలు పెట్టకున్నా అరుస్తది, తాళం తీసినా ఆగది. అప్పుడు చేతులు కాళ్లు ఆడవు, కాని చెయ్యాల్సింది ఒక్కటే: బ్రేకు గట్టిగ తొక్కి, టాప్ గేరు వేసి, క్లచ్ విడిచిపెట్టు. ఇంజన్ ఆ బరువు గుంజలేక ఆగుతది. కిందికి దిగి ఉన్నవంటె గాలి పీల్చే పైపును చెక్క పలకతోటి మూయి. చెయ్యి పెట్టకు, పీల్చుకుంటది. ఆ బండి ముంగట ఎవరినీ నిలబడనియ్యకు.

ఎయిర్ ఫిల్టర్ గురించి సుత రాస్త, నీ తర్వాతి సీజన్ కోసం. జమ్మికుంట, వరంగల్ జిన్నింగు మిల్లుల దగ్గర తిరిగే బండ్ల ఫిల్టర్లల్ల దూది పేరుకుంటది, భూపాలపల్లి బండ్లల్ల బొగ్గు దుమ్ము, కరీంనగర్‌ల గ్రానైట్ దుమ్ము. కంప్రెషర్ గాలి గట్టిగ కొట్టి శుభ్రం చేస్తరు, కాగితం చిరుగుతది, కంటికి కనబడది. ఆ చిరుగుల నుంచి పోయిన దుమ్మే రింగులను అరగదీస్తది. ఫిల్టర్‌ల బల్బు పెట్టి చీకట్ల చూడు, చుక్క వెలుతురు కనబడితె పారెయ్యి. లోపలి దిక్కు నుంచి బయటికి, మెల్లగ గాలి కొట్టు. రోజంత లోడు తోలిన తర్వాత ఇంజన్ వెంటనె బందు చెయ్యకు. ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌ల ఉంచితె టర్బో చల్లారి, దాంట్ల ఆయిల్ మాడి మసి కాకుండ ఉంటది.

ప్రశ్న: మాది ఇచ్చోడ. మా ఇంట్ల రెండు సిలిండర్ల టాటా ఏస్ ఉన్నది, మా ఆయన పాలు పట్టుకపోతడు. చలికాలం పొద్దుగాల స్టార్ట్ చేస్తె తెల్ల పొగ, కండ్లు మండుతయి, బండి ఊగుతది. వేడెక్కంగనె మంచిగ ఉంటది. పక్కింటాయన గాలి పైపు దగ్గర గుడ్డ కాల్చి పెడితె తొందరగ స్టార్ట్ అయితది అంటున్నడు. పెట్టాలెనా?
— ఒక పాఠకురాలు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: అక్కా, గుడ్డ కాల్చి పెట్టనియ్యకండి. ప్లాస్టిక్ ఫిల్టర్ బాక్సు, పక్కన డీజిల్ పైపులు, ఆయిల్ జిడ్డు. అంటుకుంటె ఆర్పేటానికి నీళ్ల బకెట్ సరిపోదు. తొందరగ స్టార్ట్ అయ్యేటందుకు గాలి పైపుల స్ప్రే కొట్టుడు ఇంక ప్రమాదం, హీటర్ ప్లగ్గు (చలికి సిలిండర్ లోపల వేడి పుట్టించేది) ఎర్రగ ఉన్నప్పుడు అది లోపలనె పేలుతది.

కండ్లు మండుతున్నయంటె అది మండని డీజిల్. మీ ఆదిలాబాద్ చలి రాష్ట్రంల చాల జాగల కంటె ఎక్కువ గదా. మీ బండికి ఒక్కొక్క సిలిండర్‌కు ఒక హీటర్ ప్లగ్గు ఉంటది, మొత్తం రెండు. నాలుగు సిలిండర్ల బండిల ఒక ప్లగ్గు పోతె పావు ఇంజన్ చల్లబడ్డట్టు, మీ బండిల సగం ఇంజన్ చల్లబడ్డట్టు. ఊగుడు అందుకే. ఇంట్లనె చూసుకోవచ్చు: ప్లగ్గుల మీద ఉన్న పట్టీ తీసి, పన్నెండు వోల్టుల బల్బు ఒక వైరు బ్యాటరీ ప్లస్‌కు, ఇంకోటి ప్లగ్గు తలకు అంటియ్యాలె. వెలిగితె ప్లగ్గు మంచిది, వెలగకపోతె పోయింది. రెండూ వెలిగితె వాటికి కరెంటు వస్తున్నదా చూడండి, పట్టీ మల్ల బిగించి, తాళం తిప్పి డాష్‌బోర్డు మీద హీటర్ గుర్తు వెలుగుతుండంగనె, బల్బు ఒక వైరు ప్లగ్గు పట్టీకి, ఇంకోటి ఇంజన్ ఇనుముకు పెట్టి చూస్తె తెలుస్తది. రిలే (ప్లగ్గులకు కరెంటు పంపే స్విచ్చు) పోతె అక్కడికి కరెంటు రాదు. రెండు ప్లగ్గులు ఒకేసారి మార్చండి, ఒకటి మార్చి ఒకటి ఉంచితె వచ్చే చలికాలం మల్ల ఇదే పని.

ప్లగ్గులు మంచిగ ఉండి కూడ పొగ పోకపోతె టాపెట్లు (వాల్వుల మీది గ్యాపు) సెట్ చేయించండి. గ్యాపు తక్కువుంటె వాల్వు పూర్తిగ మూసుకోదు, కంప్రెషన్ తగ్గుతది, చలికి మండది. తర్వాత నాజిల్.

ఒకటి మాత్రం రోజూ చూడండి, రేడియేటర్ నీళ్లు. ఎక్కడా కారకుండనే తగ్గుతుంటె, ఆయిల్ మూత కింద పాలు కలిపిన చాయ్ లాంటి జిగురు కనబడితె, తెల్ల పొగ తీపి వాసన కొడితె, అది ఇంజన్ తలకు, బ్లాకుకు నడుమ ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు. ఆ రోజు నుంచి బండి నడపకండి. రేడియేటర్‌ల బోరింగు నీళ్లు పోస్తె అవి లోపల ఉప్పు పట్టి, రేడియేటర్ మూసుకపోయి, ఇంజన్ ఉడికి, గ్యాస్కెట్ దాకా పోతది. కూలెంట్ కలిపే పోయండి, ఎండకాలం సుత.

ప్రశ్న: పొల్యూషన్ టెస్టుల రెండుసార్లు ఫెయిలయిన. పాత పికప్. డీజిల్‌ల కిరోసిన్ కలిపితె పాసయితది అంటున్నరు. ఎంత కలపాలె?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఒక్క చుక్క సుత కలపకు. పంపుకు, నాజిల్‌కు డీజిలే ఆయిల్. కిరోసిన్‌ల ఆ జిడ్డు లేదు. పాస్ కాగితం కోసం పంపు పాడు చేసుకుంటవ్.

2017 ఏప్రిల్‌ల దేశమంత వచ్చిన బీఎస్-4 (బండ్ల పొగ మీద సర్కారు పెట్టిన కొలత) కంటె ముందు డీజిల్ బండ్లకు పొగ హద్దు 2.45, బీఎస్-4 బండ్లకు 1.62. మిషన్ కాగితం మీద వచ్చే అంకె ఆ హద్దు దాటద్దు. న్యూట్రల్‌ల కాలు నిండా తొక్కి నాలుగైదు సార్లు చూస్తరు, చల్లటి ఇంజన్ తీసుకపోతె అంకె ఎక్కువ వస్తది. ఇరవై కిలోమీటర్లు నడిపి, వేడిగ తీసుకపో. దానికంటె ముందు ఎయిర్ ఫిల్టర్ మార్చు. నాజిళ్లు తీసి పంపు షాపుల చల్లించి చూపియ్యమను, పొగమంచు లెక్క చల్లాలె, చుక్కలు కారద్దు. పంపు మీద సీలు తెగి ఉన్నదేమో చూడు. మీ దిక్కు రాళ్ల లోడు గుంజాలెనని స్క్రూ తిప్పి డీజిల్ ఎక్కువ చేసిన బండ్లు నా షెడ్డుకు మస్తు వస్తయి. ఆ బండి నల్లగనె కొడుతది, పిస్టన్ తల, టర్బో రెండూ వేడికి కాలుతయి. పంపు షాపుల బెంచి మీద పెట్టి, కొలత ప్రకారం సెట్ చేయించి, కొత్త సీలు వేయించు. బీఎస్-4 కంటె పాత బండికి కాగితం ఆరు నెలలే నడుస్తది, బీఎస్-4, బీఎస్-6 బండ్లకు ఏడాది. తారీఖు గుర్తు పెట్టుకో.

ప్రశ్న: ఏ నాజిల్ పోయిందో తెలుసుకోవడానికి ఇంజన్ నడుస్తుంటె పైపుల నట్లు ఒక్కొక్కటి లూజు చేసి చూడమన్నరు. నా బండి 2018ది. చెయ్యచ్చా?
— ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: వద్దు బిడ్డా. అది పాత పంపు బండ్ల పద్ధతి. నట్టు లూజు చేస్తె ఆ సిలిండర్ ఆగుతది, ఇంజన్ చప్పుడు మారకపోతె పోయిన నాజిల్ అదే. నీది కామన్ రైల్. ఆ పైపుల డీజిల్ వెయ్యి బార్ల పైన, అంటె మన చుట్టున్న గాలి ఒత్తిడికి వెయ్యి రెట్ల పైన, ఒత్తిడి మీద ఉంటది. సన్న ధార చర్మం పొడుచుకొని లోపలికి పోతది, పైకి చీమ కుట్టినంత గాయమే కనబడుతది, లోపల చెయ్యే పాడయితది. ఎవరికన్న అట్ల అయితె నొప్పి లేకున్నా ఆగకుండ పెద్ద దవాఖానకు తీసుకపోవాలె, లోపలికి డీజిల్ పోయిందని డాక్టర్‌కు చెప్పాలె. నీ బండికి స్కానర్ పెట్టేటోళ్ల దగ్గరికి పో, నాలుగు నాజిళ్ల లెక్క స్క్రీన్ మీదనె చూపిస్తరు.

పాత పంపు బండి ఉన్నోళ్లు సుత ఆ పని చేసేటప్పుడు నట్టు మీద గుడ్డ కప్పి, కండ్లకు అద్దాలు పెట్టుకొని, అర చుట్టు కంటె ఎక్కువ తిప్పకుండ్రి.